ఫ్లెక్సీలోకి వచ్చిన దస్తగిరి

రాష్ట్రం రెండుగా విడిపోయి ఐదారేళ్లు గడిచిన కాలం. ప్రొద్దుటూరులో ఒక రాజ్యసభ సభ్యుడి దగ్గర నేను పనిచేస్తున్నాను. ఆయన రాజకీయాల్లోకి రాకముందు పత్తి మిల్లు నడిపేవాడు. మిల్లు మూతపడ్డాక, తూకాలు వేసే గదిని ఆఫీసు చేశాడు. పాత తూకపు రాళ్లు మూలన అలాగే ఉండేవి. అర్జీలు తెచ్చే జనం వాటి మీద కూర్చునేవారు. కాగితాల్లో నా ఉద్యోగం పర్సనల్ అసిస్టెంటు. నిజానికి నేను చేసే పని ఒకటే. సభలో ఆయన అడగవలసిన ప్రశ్నలు రాయడం.

ఈ ఉద్యోగాన్ని నేను అడగలేదు. పెద్దముడియం వైపు మా ఊళ్లో మా ఇంటిని ఇప్పటికీ కోట అంటారు. మిగిలింది ఒక గోడ. దానికి ఎనుములు ఒళ్లు రుద్దుకుంటాయి. మా తాతల రోజుల్లో జనం మా గడపకు అడగడానికి వచ్చేవారు, మేము ఏ గడపకూ పోలేదు. పోకపోవడం వల్లనే పొలాలూ పోయాయి, పలుకుబడీ పోయింది. దాని గురించి మా ఇంట్లో ఎవరూ ఏడవలేదు. ఇంగ్లీషు తప్పుల్లేకుండా రాసే మనిషి కావాలని మెంబరు గారే కబురు పెడితే వెళ్లాను. మొదటి రోజు ఆయన్ని సార్ అనలేదు, మెంబరు గారూ అన్నాను. ఆయన అది గమనించి ఆనాటి నుంచి నన్ను పాళెగారూ అని పిలవడం మొదలుపెట్టాడు. అందులో వెటకారం ఉంది, మీరు అన్న మన్ననా ఉంది. రెండోదాని కోసం మొదటిదాన్ని భరించాను.

ప్రశ్న రాయడం తేలిక అనుకుంటారు. పార్లమెంటులో ప్రశ్నలు రెండు రకాలు. అన్‌స్టార్డ్ ప్రశ్నకు కాగితం మీద జవాబిస్తారు, అంతటితో సరి. స్టార్డ్ ప్రశ్నకు మంత్రి సభలో లేచి నోటితో చెప్పాలి. ఆ తర్వాత సభ్యుడు అక్కడికక్కడే ఒకటి రెండు ఎదురు ప్రశ్నలు వేయవచ్చు. వాటిని సప్లిమెంటరీలంటారు. ముందుగా రాసిచ్చిన ప్రశ్నకు మంత్రి వెనుక ఒక శాఖ మొత్తం కూర్చుని జవాబు తయారుచేస్తుంది. సప్లిమెంటరీకి మంత్రి ఒక్కడే. అందుకే మా పనిలో బతికిన ప్రశ్న అంటే సప్లిమెంటరీయే. అయితే స్టార్డ్ ప్రశ్న లాటరీలో పైకి రావాలి, ఆ రోజు సభ జరగాలి, మన ప్రశ్న వంతు వచ్చేలోగా ప్రశ్నలకిచ్చిన గంట అయిపోకూడదు. ఇవన్నీ కలిసి రావడం మా ప్రాంతంలో వానలాంటిది.

మేము పంపే ప్రశ్నల్లో ఎక్కువ రైలు మార్గాలు, సాగునీళ్లు, శనగ ధరలు. విదేశాంగం మీద మొదటిసారి ఒకటి రాసి చూపిస్తే మెంబరు గారు కాగితం తిరగేసి చూశాడు. దీనికి ప్రొద్దుటూరులో ఎన్ని ఓట్లుంటాయి పాళెగారూ అన్నాడు. ఉంటాయని చెప్పాను. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు వీధుల్లో తలుపు తట్టి చూడండి, ప్రతి రెండో ముస్లిం ఇంట్లో ఒక మనిషి గల్ఫ్‌లో ఉంటాడు. ఢిల్లీవాళ్లకు విదేశాంగ విధానం అంటే పెద్ద మాటలు. మాకు అది వీధిలో మనిషి ఉండడం, లేకపోవడం.

ఆ ఏడు గల్ఫ్‌కు అవతలి ఒక దేశంలో యుద్ధం మొదలైంది. దాని పేరు ఇక్కడ అవసరం లేదు. యుద్ధం చేస్తున్న రెండు పక్షాలతోనూ మనకు స్నేహమే. కాగితం మీద మనకు అందరూ మిత్రదేశాలే. మిత్రదేశాన్ని కించపరిచేలా ప్రశ్న ఉండకూడదన్న నిబంధన కూడా ఉంది. ఆ యుద్ధం మీద అంతర్జాతీయ సభలో ఓటింగు పెడితే మన దేశం అబ్‌స్టెయిన్ చేసింది. ఇటూ అటూ చెయ్యి ఎత్తకుండా ఊరుకోవడమన్నమాట. ఎందుకలా చేశారు, అక్కడ చిక్కుకున్న మన కార్మికుల సంగతేమిటి అని రెండు ముక్కలూ కలిపి అన్‌స్టార్డ్ ప్రశ్న పంపాను. గల్ఫ్‌లోని ఒక నిర్మాణ కంపెనీ తన పనివాళ్లను ఆ దేశపు రేవులో పనికి తరలించిందనీ, వాళ్లలో మా జిల్లావాళ్లు ఉన్నారనీ అప్పటికే మాకు తెలుసు.

జవాబు వచ్చింది. మొదటి ముక్కకు, ప్రభుత్వం పరిస్థితిని నిశితంగా గమనిస్తోంది అన్నారు. ఇది ఆ శాఖవారి నిత్యపారాయణ వాక్యం. రెండో ముక్కకు, సదరు కంపెనీలోని భారతీయులందరూ స్వదేశానికి చేరుకున్నారు అని రాసి కింద పేర్లిచ్చారు. ఆంధ్రప్రదేశ్ వరుసలో షేక్ దస్తగిరి అన్న పేరు ఉంది.

ఆ తర్వాత జరిగింది మా జిల్లాలో మాత్రమే జరుగుతుంది. జమ్మలమడుగులో మెంబరు గారి అనుచరుడొకడు ఆ రేవు పనికి పోయిన తమ ఊరివాడి పేరు చూసి, మమ్మల్ని అడగకుండానే ఫ్లెక్సీ కట్టించాడు. ఫ్లెక్సీ లేకుండా మా దగ్గర పుట్టినరోజూ లేదు, చావూ లేదు. ఈ ఫ్లెక్సీలో మెంబరు గారు నిలువెత్తున చేతులు జోడించి ఉన్నారు. పక్కన గుండ్రంలో దస్తగిరి ఫొటో. యుద్ధభూమి నుంచి మన దస్తగిరిని రప్పించిన మహానాయకునికి కృతజ్ఞతలు అని అక్షరాలు. దాన్ని తెచ్చి సరిగ్గా దస్తగిరి ఇంటి వీధి మొదట్లో కట్టారు. దస్తగిరి ఇంటికి రాలేదు.

వారం తిరక్కుండా ఇద్దరు ఆడవాళ్లు ఆఫీసుకు వచ్చారు. ముందు వచ్చింది జైనాబీ, దస్తగిరి తల్లి. గట్టి మనిషి. వెనుక మాబున్నీ, అతని భార్య. ప్రొద్దుటూరు బట్టల అంగళ్లకు చీరల ఫాల్స్ కుడుతుందట. వేళ్ల చివర్లు సూది పోట్లతో గరుకెక్కి ఉన్నాయి. తూకపు రాయి మీద కూర్చోమంటే జైనాబీ కూర్చుంది. మాబున్నీ నిలబడే చెప్పింది.

"ఫ్లెక్సీలోకి వచ్చినాడప్పా. ఇంట్లోకి రాల్యా."

జైనాబీ ఆమె మాటను తుంచేసింది. కొడుకు వచ్చాడు, అందులో ఆమెకు అనుమానం లేదు. గవర్నమెంటు రాసింది, మెంబరు కట్టించాడు, ఇంతకంటే ఏం కావాలి? వచ్చినవాడు ఇంటికి ఎందుకు రాలేదో వాడి పెండ్లాన్ని అడగండి అంది. "దాని మొగం సూడల్యాక యాడో ఉండిపోయినాడు. బొంబాయిలోనో, హైదరాబాదులోనో. ఉండనీ. ఉండాడు గదా." తనకు ఒక్క సాయం చేయమంది. కొడుకు ఏ ఊళ్లో దిగాడో కనుక్కుని చెబితే తనే పోయి తెచ్చుకుంటుందట.

ఆమెకు మంచినీళ్లిప్పించి, మాబున్నీతో బయట వరండాలో మాట్లాడాను. అక్కడ ఆమె చెప్పిన మాటలు ఈ పనిలో నేను విన్న మాటలన్నిటిలో బరువైనవి. ఫ్లెక్సీ కట్టిన రోజు నుంచి వీధిలో తనను మొగుడు వదిలేసిన దానిలా చూస్తున్నారట. వెళ్లి మసీదు పెద్దల్ని అడిగితే, మనిషి పోయాడని తెలిస్తే ఇద్దత్‌లో కూర్చోవాలి, వదిలేశాడంటే దానికి వేరే పద్ధతి ఉంది, ఏదీ తెలియకుండా మేమేం చెప్పం అన్నారట. ఇద్దత్ అంటే భర్త పోయిన ఆడది ఇంటి పట్టున దుఃఖం పాటించే కాలం.

"అత్తమ్మ మాటే నిజమైతే బాగుండని దువా చేస్తాండా అప్పా," అంది. "నన్ను ఇడిసిపెట్టి యాడన్నా బతికుంటే అదే శానా. కోపంతో ఏడ్సల్నో, దుఃఖంతో ఏడ్సల్నో, అది తెల్సినా సాలు. రెండూ ఒకే మాటు ఏడ్సల్యాను."

నాకు అప్పటికే ఒక అనుమానం ఉంది. బయటి వాళ్లకు తట్టదు గానీ ఈ జిల్లావాడికి తట్టి తీరుతుంది. మా దగ్గర పిల్లలు పుట్టకపోయినా, పుట్టి నిలవకపోయినా దర్గాకు మొక్కుకుంటారు. పుట్టినవాడికి ఆ దర్గా పీరు పేరే పెడతారు. అందుకే మా జిల్లాలో వీధికొక దస్తగిరి, వీధికొక మస్తాన్. ఒకే తరగతిలో ముగ్గురుంటే పంతులు నల్ల దస్తగిరి, మిద్దె దస్తగిరి, రేషనంగడి దస్తగిరి అని విడదీసుకుంటాడు. పాస్‌పోర్టులో నల్ల, మిద్దె, రేషనంగడి ఉండవు. మీ ఆయనతో పాటు అక్కడ ఇంకో దస్తగిరి ఉన్నాడా అని మాబున్నీని అడిగాను. ఉన్నాడంది. కమలాపురం మనిషి. ఫోన్‌లో తన భర్త అతన్ని పొట్టోడు అనేవాడట, అతను తన భర్తను పొడుగోడు అనేవాడట.

కమలాపురం వెళ్లి రైల్వే స్టేషను దగ్గర పొట్టి దస్తగిరిని పట్టుకున్నాను. వచ్చి నెల దాటింది. మామగారి సైకిల్ అంగట్లో పంక్చర్లు వేస్తున్నాడు. జమ్మలమడుగు అని చెప్పగానే చేతిలో ట్యూబు నీళ్ల తొట్టిలో వదిలేశాడు. ఎవరో ఒకరు వస్తారని తెలుసన్నాడు. తనే పోదామనుకున్నాడట, బస్సు దాకా పోయి తిరిగి వచ్చాడట.

అతను చెప్పింది ఇది. బాంబులు రేవు దగ్గరికి వచ్చాక పనివాళ్లను సరిహద్దు దాటించడానికి బస్సు వచ్చింది. ఒక ఆఫీసరు పేర్లు పిలిచి ఎక్కించాడు. షేక్ దస్తగిరి అని పిలిస్తే ఇద్దరూ ముందుకు నడిచారు. ఆఫీసరు ఒక్కరే అన్నాడు. మా ఇద్దరిదీ అదే పేరు అని చెప్పబోతే వినలేదు, వెనుక తోపులాట.

"మేమిద్దరం నవ్వినామప్పా," అన్నాడు పొట్టి దస్తగిరి. "నిజ్జంగా నవ్వినాం. ఆడ కూడా ఈ పేరు బాధ తప్పల్యా అని. నువ్వెక్కురా పొట్టోడా, తర్వాత బస్సులో వస్తా అన్యాడు. తర్వాత బస్సు వస్తాదనే అందరం అనుకున్యాం."

ఆ తర్వాతి బస్సు దారిలో ఆగిపోయిందని విన్నాడట. ఎక్కడ ఆగిందో, అందులో ఎవరున్నారో తెలియదు. తన పేరు తాను చెప్పుకోవడానికి ఈమధ్య నోరు రావడం లేదన్నాడు. నేను ఓదార్చలేదు. నాకు ఆ పని రాదు. నువ్వు చెప్పింది సభలో చెప్పిస్తాను అన్నాను. అంత పెద్ద మాట నేను సాధారణంగా ఇవ్వను.

జైనాబీకి ఈ సంగతి చెబితే ఆమె నమ్మలేదు. కమలాపురం వాడిది అబద్ధం, వాడే నా కొడుకును దాచిపెట్టాడు అంది. మెంబరు గారు మనుషుల్ని పంపి ఫ్లెక్సీ విప్పించబోతే దాని కింద కుర్చీ వేసుకుని కూర్చుంది. నా కొడుకు వచ్చినాడని ఊరికి తెలిసేది దీనివల్లనే, విప్పితే నన్ను దాటి విప్పండి అంది. వాళ్లు ఊరికే తిరిగి వచ్చారు.

ఈసారి స్టార్డ్ ప్రశ్న రాశాను. ప్రభుత్వం తిరిగి వచ్చారని చెప్పిన వారిలో రాని వారున్నారా, ఉంటే వారి జాడ కోసం యుద్ధంలోని రెండు పక్షాలతో ఏం మాట్లాడారు అన్నది సారాంశం. అది లాటరీలో పైకి వచ్చింది. వరుసలో మొదట్లోనే వచ్చింది. మా మెంబరు గారి ఆరేళ్ల పదవీకాలంలో అలా రావడం చాలా అరుదు. ఆయన తూకపు గదిలో లేచి నిలబడి నా చెయ్యి పట్టుకుని ఊపాడు. ఢిల్లీకి నన్నూ రమ్మన్నాడు.

రెండు రోజుల తర్వాత పులివెందులలో ఒక పెళ్లికి ఇద్దరం వెళ్లాం. భోజనాల దగ్గర ఆయనకు పార్టీ పెద్దల నుంచి ఫోన్ వచ్చింది. మాట్లాడి వచ్చి నా పక్కన కూర్చున్నాడు. విస్తరిలో చెయ్యి పెట్టలేదు. రాష్ట్రానికి రావలసినవి ఢిల్లీ దగ్గర చాలా పెండింగులో ఉన్నాయి, ఇలాంటప్పుడు యుద్ధాల మీద, బయటి దేశాల మీద ప్రభుత్వాన్ని ఇరుకున పెట్టవద్దని పై మాట. ప్రశ్నను వెనక్కి తీసుకోవడం బాగుండదు, పత్రికలు రాస్తాయి. ఆ గంట సభలో లేకుండా ఉంటే చాలన్నారట. సభ్యుడు లేకపోతే మంత్రి జవాబు కాగితం మీదే ఉండిపోతుంది. వేరే సభ్యులు లేచి సప్లిమెంటరీ వేయవచ్చు గానీ, జమ్మలమడుగు దస్తగిరి కోసం ఎవరు లేస్తారు?

"దేశం ఆడ అబ్‌స్టెయిన్, నేను ఈడ అబ్సెంట్," అన్నాడు మెంబరు గారు. "పెద్ద తేడా ఏముందిలే పాళెగారూ."

మంత్రిగారిని విడిగా కలుస్తాడట. మంచి మనిషే, ఇంటికి పోయి అడుక్కుంటే కాదనడు, పని జరగడం ముఖ్యం గానీ సభలో జరిగిందా ఇంట్లో జరిగిందా అన్నది ముఖ్యమా అన్నాడు. ఆయన చెప్పింది అబద్ధం కాదు. ఈ దేశంలో సగం పనులు అలాగే జరుగుతాయి. మా ఇంట్లో అలా జరగలేదు కాబట్టి మా ఇల్లు అలా ఉంది. అది ఆయనకు చెప్పి ప్రయోజనం లేదు. ఒక్కటే కోరాను, ఆ మాటేదో మాబున్నీతో మీరే చెప్పండి, నా చేత చెప్పించవద్దు అని.

మరునాడు ఆమెను పిలిపించారు. ఈసారి అత్తను తీసుకురాలేదు. మెంబరు గారు నిజానికి సౌమ్యంగానే మాట్లాడాడు. పార్టీ మాట దాచలేదు. సభలో కుదరడం లేదమ్మా, మంత్రిగారి కాళ్లయినా పట్టుకుని మీ ఆయన కోసం అడుక్కుంటా అన్నాడు. మాబున్నీ ఆయన వెనుక గోడకున్న ఫొటోలు చూసింది. ఆ తర్వాత మెల్లగా చెప్పింది.

"అడుక్కుండేది మాకు వస్తాది సార్. కలెక్టరాఫీసులో అడుక్కున్యా, మసీదులో అడుక్కున్యా, దర్గాలో అడుక్కున్యా. దానికి మీరెందుకు? మీకు ఆడ సీటిచ్చింది అడగమని గదా. మీరు గూడా అడుక్కుంటే, ఇంక అడిగేదెవరు?"

ఆమె వెళ్లిపోయాక మెంబరు గారు, ఆ పిల్లకు మాటలు మీరు నేర్పినారా పాళెగారూ అన్నాడు. లేదన్నాను. నేర్పలేదని ఆయనకూ తెలుసు.

మా ప్రశ్న వంతు వచ్చిన రోజు ఢిల్లీలో ఆయన సభకు వస్తాడో రాడో నాకు తెలియదు. ఉదయం ఆయన క్వార్టర్స్‌కు వెళితే బయటికి వెళ్లారన్నారు. నేను పాస్ చూపించి గ్యాలరీలో కూర్చున్నాను. గ్యాలరీలో కదలకూడదు, కాలు మీద కాలు వేసుకోకూడదు. నాకది కష్టం కాలేదు. కింద ఆయన సీటు ఖాళీగా ఉంది. మొదటి ప్రశ్న అయింది, రెండోది ఎరువుల గురించి సాగుతూ ఉంది. ఆయన సీటు ఖాళీగానే ఉంది. మా ప్రశ్న నంబరు పిలిచే సమయానికి తలుపు దగ్గర తెల్లచొక్కా కనిపించింది. ఆయన ఎక్కడో వరండాలో నిలబడి ఉండాలి. సీటు దాకా పరుగులాంటి నడకతో వచ్చి, కూర్చోకుండానే ప్రశ్న నంబరు చెప్పాడు.

మంత్రి మంచి మనిషే. సంబంధిత కంపెనీలోని అందరూ చేరుకున్నారనీ, ప్రభుత్వం పరిస్థితిని నిశితంగా గమనిస్తోందనీ చదివాడు. సప్లిమెంటరీకి మెంబరు గారు లేచాడు. నేను రాసిచ్చిన కాగితం చేతిలో ఉంది గానీ చూడలేదు. ఆయన ఇంగ్లీషు నెమ్మది. ఆ రోజు నెమ్మదితనమే మంచిదైంది.

గౌరవ మంత్రిగారు ఒక షేక్ దస్తగిరిని ఇంటికి చేర్చారు, సంతోషం అన్నాడు. మా జిల్లాలో వీధికొక దస్తగిరి ఉంటాడు అంటే కొందరు నవ్వారు. నవ్వు ఆగేదాకా ఆగాడు. ఆ బస్సు దగ్గర ఇద్దరు దస్తగిరిలు నిలబడ్డారు, ఒకడే ఎక్కాడు, రెండోవాడు ఉండాడా లేడా అన్నాడు. ఉండాడా లేడా అన్న రెండు మాటలూ తెలుగులోనే అని, మళ్లీ ఇంగ్లీషులో చెప్పాడు. ఆ తర్వాత నా కాగితంలో లేని మాట అన్నాడు. అతను వచ్చేశాడని మా వాళ్లు నా బొమ్మ వేసి అతని వీధిలో ఫ్లెక్సీ కట్టారు, అది అబద్ధం, నేను దింపించేస్తాను, ప్రభుత్వం తన జవాబును దింపుతుందా?

సభలో ఎవరూ నవ్వలేదు. మంత్రి అధికారుల గ్యాలరీ వైపు చూశాడు. కాగితం ఒకటి వచ్చింది, అందులో ఏమీ ఉన్నట్టు లేదు. రెండో సప్లిమెంటరీ నేను రాసిందే అడిగాడు. రెండు పక్షాలతో స్నేహం చెడకూడదనే మనం ఓటు వేయలేదనుకుందాం. మంచిదే. ఆ స్నేహంలో ఒక మనిషి జాడ అడిగేపాటి చనువు ఉందా, లేదా?

సమాచారం సేకరించి సభ ముందుంచుతాం అన్నాడు మంత్రి.

గ్యాలరీలో నా పక్కనున్న ఆయనకు ఇది తప్పించుకునే మాటలా తోచి ఉంటుంది. మా పనిలో ఈ వాక్యం కోసమే కాచుకుంటాం. దీన్ని అష్యూరెన్స్ అంటారు. సభలో మంత్రి ఇచ్చిన మాట అన్నమాట. నిలబెట్టుకునేదాకా ఒక కమిటీ దాని వెంట పడుతుంది. నిశితంగా గమనిస్తున్నాం అంటే ఎవరూ ఏమీ చేయలేరు. సేకరిస్తాం అంటే ఎప్పటికైనా సేకరించినట్టు చూపించాలి.

సభ బయట మెంబరు గారు నన్ను చూసి, చాలునా పాళెగారూ అన్నాడు. చాలు మెంబరు గారూ అన్నాను. ఆయనకు అంతకంటే పొగడ్త నేను ఎన్నడూ ఇవ్వలేదు. ఇప్పుడనిపిస్తుంది, ఇంకొక మాట అని ఉండవలసింది.

జవాబు రావడానికి చాలా కాలం పట్టింది. అందాకా ఫ్లెక్సీని జైనాబీ దింపనివ్వలేదు. వాయిదాలు కోరారు, మేము గుర్తుచేశాం, మళ్లీ కోరారు. చివరికి వచ్చిన కాగితంలో రెండు సంగతులు. స్వదేశానికి చేరిన షేక్ దస్తగిరి కమలాపురం వాసి, జమ్మలమడుగుకు చెందిన అదే పేరుగల వ్యక్తి ఆచూకీ తెలియదు. ఆ దేశపు ఇరుపక్షాలనూ వాకబు చేస్తున్నాం, వివరాలు అందగానే సభకు తెలియజేస్తాం. ఉండాడా అన్నదానికి జవాబు లేదు, లేడా అన్నదానికీ లేదు. వచ్చాడు అన్న మాటను మాత్రం వెనక్కి తీసుకున్నారు.

దాన్ని తెలుగులో రాసుకుని జమ్మలమడుగు వెళ్లి జైనాబీ ఎదుట చదివాను. వచ్చినాడని రాసింది వాళ్లే, రాలేదని రాసిందీ వాళ్లే, ఏది నమ్మేది అంది. నేను రెండోసారి చదివాను. ఆమె లేచి, కోడలిని కత్తెర తెమ్మంది. వీధి మొదటికి పోయి, ఎండకు వెలిసిన ఫ్లెక్సీని తనే నిలబడి దింపించింది. గుండ్రంలో ఉన్న కొడుకు మొహాన్ని జాగ్రత్తగా కత్తిరించుకుంది. మెంబరు గారి నిలువెత్తు బొమ్మను మేకల కొట్టం మీద కప్పించింది. వాన కారకుండా బాగా పనికొచ్చింది. ఈ సంగతి చెబితే ఆయన చాలాసేపు నవ్వాడు. నన్ను ఇన్నాళ్లకు ఎవరో ఒకరు వాడుకున్నారు అన్నాడు.

ఆ పూట ఇంట్లో అత్తాకోడళ్లు మాట్లాడుకోవడం నేను మొదటిసారి చూశాను. జైనాబీ కోడలితో ఉర్దూలో ఏదో అంది, మాబున్నీ తల ఊపి టీ పెట్టడానికి లేచింది. ఏమన్నదో నేను అడగలేదు.

మెంబరు గారికి పార్టీ మళ్లీ సీటివ్వలేదు. ఆ ప్రశ్న వల్లనే అని ఎవరూ అనలేదు, కాదనీ ఎవరూ అనలేదు. ఆయన మిల్లు ఆవరణ అమ్మేశాడు. నా పనీ అక్కడితో అయిపోయింది. అడిగిన సభ్యుడు సభలో లేకపోతే అష్యూరెన్స్‌ను గుర్తుచేసే గొంతు ఉండదు. కొన్నాళ్లకు శాఖ, దీన్ని ఇక వదిలేయండి అని కమిటీని కోరవచ్చు. వదిలేస్తే దస్తగిరి మళ్లీ ఎవరి లెక్కలోనూ ఉండడు.

ఇన్నేళ్ల పనిలో నాకు అర్థమైనది ఇంతే. ప్రశ్న మనిషిని తెచ్చివ్వదు. తెచ్చేశామన్న అబద్ధాన్ని నిలబడనివ్వదు. అంతటితో సంతోషపడాలా అంటే, నేను అలసిపోయి ఉన్నాను, చెప్పలేను. కానీ ఎవరో ఒకరు అడుగుతూనే ఉండాలి.

అందుకని తొండూరు మండలంలో ఒక ఇంటికి వెళ్లాను. కొత్తగా రాజ్యసభకు పోయిన ఆయన ఇల్లది. మా తాతకూ ఆయన తాతకూ మాటల్లేవు. మూడు తరాలుగా ఆ గడప మావాళ్లెవరూ తొక్కలేదు. వరండాలో బల్ల మీద అర్జీదారుల మధ్య కూర్చున్నాను. లోపలికి పిలవడానికి చాలాసేపు పట్టింది. ఎందుకు పట్టిందో నాకు తెలుసు, ఆయనకూ తెలుసు.

లోపల ఆయన నన్ను పైనుంచి కిందికి చూశాడు.

"కోటవాళ్లు మా ఇంటికి వచ్చినారంటే వింతే," అన్నాడు. "ఏమన్నా అడుక్కునేదానికి వచ్చినావా అప్పా?"

"లేదు," అన్నాను. "అడిగేదానికి వచ్చినా. సభలో మీరు అడగల్ల."

కూర్చోమన్నాడు. కూర్చుని, షేక్ దస్తగిరి, జమ్మలమడుగు అని మొదలుపెట్టాను.